గుజరాతీ తెరపై ఎడారి, ఆ ఎడారిలో నీళ్లు

గుజరాత్‌లోని ఉప్పు ఎడారి కచ్ రణ్ అనగానే మనలో చాలామందికి హిందీ సినిమా పాటలే గుర్తుకొస్తాయి. తెల్లటి ఉప్పు మైదానం, ఎర్రటి ఓణీ, ఒంటెల వరుస కనబడతాయి, పాట పూర్తికాగానే కథ మళ్లీ నగరానికి వెళ్లిపోతుంది. అదే నేలను గుజరాతీ దర్శకులు చూపినప్పుడు నన్ను పట్టి కూర్చోబెట్టే విషయం వేరు. ఆ ఊళ్లో నీళ్లు ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎవరు మోసుకొస్తారు, ఎవరు ముట్టకూడదు అన్న ప్రశ్నల నుంచే అక్కడ కథ మొదలవుతుంది. గుజరాతీలో వచ్చిన మంచి ఎడారి చిత్రాలను, ఎండిన పల్లెల చిత్రాలను నేను ఆ ప్రశ్నలతోనే చూస్తాను.

అభిషేక్ షా దర్శకత్వంలో 2019లో విడుదలైన 'హెల్లారో' గురించి ముందుగా చెప్పాలి. 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకున్న ఈ సినిమాకు ముందు ఏ గుజరాతీ చిత్రానికీ ఆ గౌరవం దక్కలేదు. అందులో నటించిన పదముగ్గురు స్త్రీలకు కలిపి ప్రత్యేక జ్యూరీ పురస్కారం కూడా ఇచ్చారు. కథాకాలం 1975. కచ్‌లో ఎక్కడో విసిరేసినట్టున్న ఒక ఊళ్లో కొన్నేళ్లుగా వాన లేదు. అమ్మవారి అనుగ్రహం కోసం మగవాళ్లు రాత్రిళ్లు గర్బా ఆడతారు, ఆడవాళ్లు మాత్రం ఆడకూడదు, ఆడితే దేవతకు కోపం వస్తుందని ఊరి నమ్మకం. కాస్త చదువుకుని, పెళ్లై ఆ ఊరికి వచ్చిన మంఝరి (శ్రద్ధా డాంగర్) మిగతా స్త్రీలతో కలిసి రోజూ దూరం నడిచి నీళ్లకు వెళుతుంది. ఒకనాడు దారిలో దాహంతో పడి ఉన్న ఒక ఢోల్ వాద్యకారుడు (జయేశ్ మోరే) వారికి కనిపిస్తాడు.

ఆ నీళ్ల నడకను దర్శకుడు ఎంత ఆలోచించి వాడుకున్నాడో గమనించాలి. బిందె నెత్తిన పెట్టుకుని ఎండలో నడవడం ఆ స్త్రీలకు చాకిరీయే, అందులో సందేహం లేదు. కానీ మగవాళ్ల కళ్లు తమపై లేని సమయం రోజు మొత్తంలో వారికి అదొక్కటే. వంటింట్లోనూ పెరట్లోనూ నోరు మెదపని వాళ్లు ఊరి పొలిమేర దాటగానే మాట్లాడతారు, నవ్వుతారు, ఒకరి కష్టం ఒకరు వింటారు. అందుకే ఢోల్ మోగినప్పుడు వాళ్లు బిందెలు దించి ఆడటం మనకు హఠాత్తుగా తోచదు. అయితే దేవత కోపం గురించిన భయం వారి మనసుల్లోనూ ఉంది. తాము ఆడినందువల్లే వాన రావడం లేదేమోనన్న అనుమానం వారిని లోపలినుంచి తొలుస్తుంది. మగవాళ్ల పెత్తనాన్ని చూపిన సినిమాలు చాలానే ఉన్నాయి. ఆ పెత్తనం ఆడవాళ్ల సొంత భక్తిలోకి ఎలా ఇంకిపోతుందో ఇంత ఓర్పుగా చూపినవి అరుదు. మెహుల్ సుర్తీ సంగీతానికీ, సౌమ్య జోషీ పాటలకూ, సంభాషణలకూ అంత బలం వచ్చింది ఈ భయం వల్లనేనని నా నమ్మకం.

ఈ కథకు బీజం కచ్ జిల్లా రాపర్ తాలూకాలోని వ్రజవాణీ గ్రామ గాథలో ఉంది. ఒక ఢోలీ, అంటే ఢోల్ వాయించేవాడి, వాయిద్యానికి మైమరచి నూట నలభై మంది ఆహీర్ కులపు స్త్రీలు ఆడారనీ, ఊరి మగవాళ్లు ఆ ఢోలీని చంపగా ఆ స్త్రీలందరూ ప్రాణాలు విడిచారనీ అక్కడ చెప్పుకుంటారు. జానపద గాథలో ఆ స్త్రీలు పూజ్యులయ్యారు, కానీ ఒక్కొక్కరికీ ఒక ముఖం, ఒక బతుకు లేవు. సినిమా ఆ లోటును తీర్చింది. త్యాగమూర్తులుగా దండం పెట్టించుకోవడం కంటే బతికి ఆడటం ముఖ్యమన్న వైపు కథను నడిపించినందుకు ఆ రచయితలపై నాకు గౌరవం కలిగింది.

అంతకు దాదాపు నాలుగు దశాబ్దాల ముందు, 1980లో, కేతన్ మెహతా 'భవ్‌నీ భవాయీ' తీశారు. అది ఎడారి కథ కాదు గానీ నీటి కథే. రాజు తవ్వించే దిగుడు బావిలో చుక్క నీరు పడదు. ముప్పై రెండు లక్షణాలు గల మనిషిని బలి ఇస్తే పడుతుందని పెద్దలు చెబుతారు. ఆ మనిషి అంటరానివారి వాడలో పెరుగుతున్నాడు. బావి తవ్వే చేతులు ఎవరివో, అందులో నీళ్లు పడితే తోడుకునే హక్కు ఎవరికి ఉండదో ఆ చిత్రం భవాయీ అనే జానపద నాటక రూపంలో, పాటతో, హాస్యంతో చెబుతుంది. నసీరుద్దీన్ షా, స్మితా పాటిల్, ఓం పురి, మోహన్ గోఖలే నటించారు. కథకు రెండు ముగింపులు ఇచ్చి, సుఖాంతంతో ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపకుండా ఆపడం నేటికీ సాహసంగానే అనిపిస్తుంది. 'హెల్లారో'లోని ఢోలీ కూడా దళితుడే. ఆ రెండు సినిమాలనూ వెంటవెంటనే చూస్తే ఒకదానికొకటి బదులు చెబుతున్నట్టుంటుంది.

పన్నాలాల్ పటేల్ నవల ఆధారంగా ఉపేంద్ర త్రివేదీ 1993లో తీసిన 'మానవీనీ భవాయీ' విక్రమ శకం 1956 నాటి, అంటే మన లెక్కన 1899-1900 నాటి, మహా కరువును తెరకెక్కించింది. జయంత్ ఖత్రీ కథను పరేశ్ నాయక్ 'ధాడ్'గా తీయగా అది 2018లో విడుదలైంది. కచ్‌ను లోపలినుంచి ఎరిగిన రచయిత కథ కనుక, అందులో బీడు నేల పాత్రల స్వభావంలోకి కూడా దిగుతుంది.

కల్పిత చిత్రాలు తాకని ఒక బతుకును మాత్రం డాక్యుమెంటరీయే చూపింది. ఫరీదా పాచా 2013లో తీసిన 'మై నేమ్ ఈజ్ సాల్ట్' కచ్‌కు ఆనుకుని ఉన్న 'చిన్న రణ్' అనే ఉప్పు నేలలో ఉప్పు పండించే ఒక అగరియా కుటుంబంతో ఒక పంటకాలమంతా గడుపుతుంది. సుమారు అయిదు వేల చదరపు కిలోమీటర్ల ఆ నేల వర్షాకాలంలో నీట మునుగుతుంది. నీరు తీయగానే అగరియాలు తిరిగి వచ్చి, దాదాపు ఎనిమిది నెలలు అక్కడే ఉంటారు. నిరుడు మట్టిలో పాతిపెట్టిన పంపు యంత్రాన్ని తవ్వి తీయడంతో చిత్రం మొదలవుతుంది. ఆ తరువాత బావి తవ్వకం, ఉప్పునీటిని తోడటం, మళ్లను కాళ్లతో తొక్కి గట్టి చేయడం, స్ఫటికాలు కట్టే వరకు వేచి ఉండటం, అన్నీ వ్యాఖ్యానం లేకుండా సాగుతాయి. అక్కడ బావి నిండా నీళ్లున్నా తాగడానికి చుక్క పనికిరాదు, వాటినే నమ్ముకుని ఇల్లు గడవాలి. చివరికి వ్యాపారి వచ్చి ఉప్పు నాణ్యతను తూచే సన్నివేశంలో, నెలల శ్రమ ఒక మనిషి పెదవి విరుపుపై ఆధారపడటం చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఇన్ని మంచి చిత్రాలున్నా నాకు తీరని కోరిక ఒకటి మిగిలింది. కచ్‌లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది కచ్ఛీ, అది సింధీకి దగ్గరి భాష. తెరపై మాత్రం కచ్ గ్రామస్థులు గుజరాతీలోనే మాట్లాడతారు. ఎక్కువమంది ప్రేక్షకులను చేరాలన్న నిర్మాతల ఇబ్బందిని అర్థం చేసుకోగలను, అయినా పాత్ర నోట సొంత భాష లేకపోతే ఆ నేల సగమే కనబడుతుంది. బన్నీ గడ్డి మైదానాల్లో గేదెలను మేపుకుని బతికే మాల్ధారీలు, వారిలో అధిక సంఖ్యలో ఉన్న ముస్లిం కుటుంబాలు, గడ్డిని మింగేస్తున్న సర్కారు తుమ్మ, మంద కోసం నీరు వెతుకుతూ సాగే వలస, ఇవన్నీ పెద్ద కథాచిత్రానికి తగిన వస్తువులు. 'హెల్లారో' సాధించిన పేరును ఆధారం చేసుకుని, కచ్ఛీ మాట్లాడే నటులతో, అక్కడే పుట్టి పెరిగిన రచయితల చేత అలాంటి చిత్రం ఒకటి తీయించడానికి గుజరాతీ నిర్మాతలు ముందుకు రావాలని కోరుకుంటున్నాను.