ట్యూనింగ్ చేశాక మొదలైన మిస్సింగ్

బాపు పోయినప్పటి నుంచి ఆయన అంబాసిడర్‌ను నేనే చూసుకుంటున్నాను. 1984 మోడల్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ బండి. డ్యాష్‌బోర్డు అరలో బాపు రాసుకున్న చిన్న నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలోనే "పాయింట్ 15, ప్లగ్ 25, వరుస 1-3-4-2" అని ఉంటుంది. కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్ల సందు 0.015 అంగుళం, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల సందు 0.025 అంగుళం, నాలుగు సిలిండర్లలో మంట పడే వరుస 1-3-4-2 అన్నమాట.

జాతర రద్దీ మొదలవకముందే మేడారం వెళ్లొద్దామని అమ్మ అడిగింది. దూరం పోవాలి కదా అని ఆ ఆదివారం ట్యూనింగ్ పెట్టుకున్నాను. పాయింట్లు, కండెన్సర్, రోటర్, క్యాపు, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు అన్నీ కొత్తవి వేశాను. ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల, పాయింట్లు బిగించి ఉండే ప్లేటు బిగుసుకున్నట్టు అనిపిస్తే దాన్ని శుభ్రం చేసి కొంచెం గ్రీజు కూడా పెట్టాను. సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. ఐడ్లింగ్ ఎంత మెత్తగా ఉందంటే, బాపు ఉంటే ఎంత సంతోషపడేవారో అనుకున్నాను.

సాయంత్రం ములుగు రోడ్డెక్కాక మిస్ కొట్టడం మొదలైంది. నలభై, యాభై స్పీడులో నిలకడగా పోతుంటే ఇంజిన్ ఉండి ఉండి ఒక్కసారి ఊపిరి ఆగినట్టు కుదుపు ఇస్తోంది. ఆరెపల్లి దాటకుండానే వెనక్కి తిప్పాను.

ముందు కొత్త సామాను మీదే అనుమానం వచ్చింది. పాత కండెన్సర్ తిరిగి వేశాను. మార్పు లేదు. పాత రోటర్, పాత క్యాపు వేసినా అంతే. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద నీలం మెరుపులేమైనా కనిపిస్తాయేమో చూశాను. ఏమీ లేవు. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరూ లాగి చూస్తే, ఏది లాగినా ఇంజిన్ ఒకేలా తగ్గింది. ప్లగ్గులు నాలుగూ ఒకే లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఒక్క సిలిండర్‌దే తప్పయితే ఇలా ఉండదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతింది. ఆ మాత్రం తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకోగలనా అని టెన్షన్ కూడా పట్టుకుంది.

మూడో రోజు ఆటోనగర్‌లో, బాపు కాలం నుంచీ ఈ బండి ఎరిగిన పెద్దాయన దగ్గరికి పోయాను. చాచా అని పిలుస్తాను. ఆయన స్పానర్ పట్టుకోకుండా ముందు ఒకటే అడిగారు: "పూరా రేస్ తొక్కితే కొడ్తుందా, పోతదా బేటా?"

నేను ఆ సంగతి గమనించనే లేదు. ఇద్దరం బయల్దేరాం. ఐడ్లింగ్‌లో లేదు. పెడల్ నేలకంటా తొక్కితే లేదు. సగం కంటే తక్కువ తొక్కి నిలకడగా పోతేనే వస్తోంది. పెట్రోల్ తక్కువ అందినా ఇలాగే కొడుతుందని చాచా చోక్ కొంచెం లాగి చూడమన్నారు. చూశాను, తేడా లేదు. దాంతో కార్బొరేటర్ విప్పే పని తప్పింది.

మిగిలింది వ్యాక్యూమ్ అడ్వాన్స్. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి రేకు డబ్బాలా ఉంటుంది, కార్బొరేటర్ నుంచి దానికి సన్నటి పైపు వస్తుంది. తక్కువ తొక్కినప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది కాబట్టి మంట కాస్త ముందే పడాలి. అప్పుడు ఆ డబ్బా లోపలి పొర పాయింట్ల ప్లేటును లాగి తిప్పుతుంది. ఐడ్లింగ్‌లో, పూర్తిగా తొక్కినప్పుడు ఆ లాగుడు ఉండదు. మా బండి మిస్ కొట్టేది సరిగ్గా ప్లేటు తిరిగే వేళలోనే! పైపు ఊడదీసి, కొసలో స్క్రూ బిగించి మళ్లీ నడిపాం. మిస్సింగ్ మాయం.

కాబట్టి ప్లేటు కదిలితే ఏదో తెగుతోంది. ఇంటికొచ్చి క్యాపు తీసి మల్టీమీటర్ ఒక కొన ప్లేటుకు, ఇంకో కొన డిస్ట్రిబ్యూటర్ బాడీకి పెట్టాను. 0.3 ఓం చూపించింది. డబ్బా వైపు పైపు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. ప్లేటు తిరిగింది, మీటరు ఎగిరి ఓపెన్, అంటే కరెంటు దారి తెగిందని, చూపించింది. వదిలితే మళ్లీ 0.3. నాలుగైదుసార్లు చేశాను, ప్రతిసారీ అంతే.

ప్లేటుకూ బాడీకీ మధ్య వేలెడంత కూడా లేని ఒక ఎర్త్ తీగ ఉంటుంది. పైన గుడ్డ తొడుగు బాగానే ఉంది, లోపలి పోగులు మాత్రం తెగిపోయాయి. కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చిన కరెంటు ఈ తీగ ద్వారానే బాడీకి చేరాలి. అది తెగినా ప్లేటు కింది రేకు తాకిడితో బండి ఇన్నాళ్లూ నడిచినట్టుంది. నేను శుభ్రం చేస్తూ ఆ తీగను పక్కకు వంచాను, పైగా కింద గ్రీజు పెట్టాను. ఉన్న ఆ తాకిడీ పోయింది. కొత్తగా వేసిన ఏ వస్తువులోనూ లోపం లేదు.

మామూలు వైరు వేస్తే బిరుసుకి త్వరగా తెగుతుంది, ప్లేటును కదలనివ్వదు కూడా. అందుకే పాత మల్టీమీటర్ ప్రోబ్ వైరులో నుంచి చిన్న ముక్క కోశాను. దాని పోగులు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. రెండు కొసలకూ ట్యాగులు సోల్డర్ చేసి, మధ్యలో కొంచెం వదులుగా వంపు ఉంచి బిగించాను. రోటర్‌కు, కామ్‌కు తగలకుండా చేత్తో తిప్పి చూశాను. ఎక్కువ గ్రీజు తుడిచేశాను. పాయింట్ల సందు, టైమింగ్ మళ్లీ సరిచూసుకున్నాను. ఈసారి ఎంత పీల్చినా మీటరు 0.3 దగ్గర నుంచి కదలలేదు.

బాపు నోటుబుక్కులో ఆ మొదటి పేజీ కిందనే రాసి పెట్టాను: "ప్లేటు ఎర్త్ తీగ, పైపు పీల్చి చూడాలి."

శనివారం తెల్లవారుజామున బయల్దేరాం. కటాక్షపూర్ చెరువు పక్కన టాప్ గేరులో, పెడల్ సగం కంటే తక్కువ తొక్కి, యాభై మీద కావాలనే అలాగే పోనిచ్చాను. ఒక్క కుదుపు లేదు. గట్టమ్మ గుడి దగ్గర ఆపి అమ్మ కొబ్బరికాయ కొట్టుకుని వచ్చేలోపు క్యాపు తీసి తీగను చూశాను. వంపు పెట్టింది పెట్టినట్టే ఉంది.