13–13 దగ్గర ఐదు వేళ్ళు

మన బడిలో బ్యాడ్మింటన్ అంటే ఐదుగురేసి ఆడే ఉన్నిబంతి ఆట. ఈకల కాక్‌తో ఆడేది షటిల్. కందుకూరు గాలికి ఆ షటిల్ ఆడాలంటే తెల్లారి ఏడులోపే. వేపచెట్టుకూ ఇనుప గుంజకూ నెట్టు కట్టి, సున్నంతో గీతలు పోసి, ఒక్క కాక్‌తో వారం లాగేవాళ్ళం. ఈక విరిగితే కొవ్వొత్తి మైనం కార్చి అతికించేవాళ్ళం. ఇంకో రెండు రోజులు ఆడేది గానీ, కల్లు తాగినట్టు ఓ పక్కకు తూలుతూ పోయేది.

మన బడి పాత విద్యార్థుల్లో కప్పులు తెచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు రాస్తారు. నేను పోగొట్టిన మ్యాచ్ సంగతి రాస్తాను. 1987, ఒంగోలు, బడుల పోటీలు, షటిల్ డబుల్స్ మూడో గేమ్.

ఇప్పటి పిల్లలకు ఆనాటి లెక్క చెప్పాలి. సర్వీస్ చేసేవాళ్ళకే పాయింటు. ఎదుటివాళ్ళు ర్యాలీ గెలిస్తే వాళ్ళకొచ్చేది పాయింటు కాదు, మన చేతిలో సర్వీస్ పోవడమే. డబుల్స్‌లో అదీ వెంటనే పోదు, జోడీలో రెండోవాడు కూడా సర్వీస్ చేయాలి, దాన్నే 'సెకండ్ హ్యాండ్' అనేవాళ్ళం. గేమ్ 15కు. 13–13 అయితే ముందుగా 13కు చేరినవాళ్ళు తేల్చుకోవాలి: 15కే ముగించడమా, 'సెట్టింగ్' తీసుకుని ఇంకో ఐదు పాయింట్లు, అంటే 18 దాకా పొడిగించడమా.

మేం 13–8 మీదున్నాం. తర్వాత పావుగంట సేపు స్కోరు కదల్లేదు. మా సర్వీస్ పోతుంది, వాళ్ళదీ పోతుంది, చొక్కాలు తడిసిపోతున్నాయి, బోర్డు మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత వాళ్ళు మెల్లగా ఒక్కొక్కటే తెచ్చుకుని 13కు వచ్చారు. అంపైరు మా వైపు చూశాడు. మ్యాచ్ మధ్యలో బయటినుంచి సలహా చెప్పకూడదు గనక గేమ్స్ సారు నోరు మెదపలేదు. తువ్వాలు భుజాన వేసుకుంటున్నట్టు చెయ్యెత్తి ఐదు వేళ్ళు చూపించారు. నా జోడీగాడు కూడా "ఐదు తీసుకుందాంరా" అన్నాడు. నేను చూసీ చూడనట్టు "నో సెట్టింగ్" అన్నాను. రెండే రెండు పాయింట్లు, ఇట్టే కొట్టేస్తామని పొగరు. 15–13తో పోయింది. బస్సులో సారు ఒక్క మాటే అన్నారు: "ఏంద్రా, ఐదు వేళ్ళు కనపళ్ళా?"

పదేళ్ళ తర్వాత, 1997లో గ్లాస్గోలో షటిల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. డెన్మార్క్ ఆటగాడు పీటర్ రాస్ముసెన్, చైనా ఆటగాడు సున్ జున్. 124 నిమిషాల ఆట. రాస్ముసెన్ మొదటి గేమ్ ఒక్క పాయింటు తేడాతో పోగొట్టుకుని, రెండోది 18–13తో గెలిచి, మూడోది 15–10తో ముగించాడు. ఆ 18–13 అంకె పేపర్లో చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. అంటే 13–13 అయ్యాక సెట్టింగ్‌లో ఐదుకు ఐదూ అతనివే.

తర్వాత ఆ 13 దగ్గరి నిర్ణయాన్నే తీసేశారు. ఏడేసి పాయింట్లతో ఐదు గేములు ఆడించి చూశారు, కుదరలేదు. 2001లో మన నాగండ్లలో పుట్టిన గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచింది పాత 15 పాయింట్ల లెక్కలోనే: 15–12, 15–6. (నాగండ్ల అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మారేవి ఆట రూల్సేనా!) 2006లో 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవాడికే పాయింటు. 20–20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29–29 అయితే 30వది ఎవరిదైతే వాళ్ళదే గేమ్. సెకండ్ హ్యాండ్ పోయింది. 11 దగ్గర నిమిషం విరామం, అప్పుడు కోచ్ కోర్టులోకొచ్చి చెవిలో చెప్పొచ్చు. మా సారు తువ్వాలు చాటున దొంగతనంగా చేసిన పని ఇప్పుడు రూల్ ప్రకారమే! సర్వీస్ నడుము కింద ఉందో లేదో అని కొట్టుకునేవాళ్ళం, 2018 నుంచి అదీ నేలనుంచి 1.15 మీటర్లని కొలత పెట్టారు.

నెల్లూరులో మా మేనకోడలితో ఆడుతుంటాను. పాత లెక్క చెబితే "అంతసేపు ఆడీ పాయింటు రాదా మామయ్యా!" అని నవ్వుతుంది. కొత్తదే న్యాయమని నాకూ తెలుసు. ఇప్పుడు ప్రతి తప్పుకూ పాయింటు పోతుంది, దాక్కునే చోటు లేదు. కానీ సర్వీస్ నిలుపుకుంటే 3–14తో వెనకబడి కూడా లేచి రావచ్చన్న ఆ ఓపిక పాత ఆటలోనే ఉండేది.

ఈసారి పాత విద్యార్థులం కలిసినప్పుడు పొద్దున్నే నెట్టు కడదాం. పాత రూల్సే, 15కే. నా జోడీగాడికి ముందే ఫోన్ చేసి చెప్పాను: 13–13 అయితే నేను నోరు తెరవను, అడిగేది వాడే.