మూడు సెకన్ల చప్పుడు

మెకానిక్ దగ్గర రిపేరై కారు ఇంటికొచ్చింది. సాయంత్రం ఏడింటికి గేటు లోపల పెట్టి ఆఫ్ చేశాను, మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆఫ్ చేశాను. చప్పుడు లేదు. "ఇగ చాలు, లోపలికి రా" అని మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. అన్నం తిన్నాక గుర్తొచ్చింది, అసలు ఇంజన్ వేడి మీద ఆ చప్పుడు ఎప్పుడు వచ్చింది గనుక? అది వచ్చేది పొద్దున మొదటి స్టార్టుకే. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మూడు సెకన్లు, అంతే. రాత్రంతా బండి ఆగి ఉంటే ఇంజన్ లోపలి చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్‌లో ఆయిలు దిగిపోతుంది, స్టార్ట్ చేశాక ఆయిలు ప్రెషర్ అందేదాకా పిస్టన్లకూ వాల్వులకూ లయ కుదిర్చే ఆ టైమింగ్ చైన్ వదులుగా ఊగి, దాన్ని దారిలో పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లకు కొట్టుకుంటుంది. ప్రెషర్ రాగానే బిగుసుకుంటుంది, ఇక ఏమీ వినపడదు. అంటే ఇవాళ సాయంత్రం చప్పుడు లేకపోవడం వల్ల నాకు తెలిసిందేమీ లేదు. పదకొండున్నరకు ఇది రాస్తూ కూర్చోవడానికి కారణం అదే.

మెకానిక్ మీద కూడా రాయాలి. మంగళవారం సాయంత్రం ఇస్తానన్నాడు, బుధవారం పొద్దున అన్నాడు, తర్వాత ఫోనే ఎత్తలేదు. నిన్న అమ్మకు హైదరాబాద్‌లో కంటి డాక్టర్ దగ్గర నెల కిందట తీసుకున్న అపాయింట్‌మెంట్. ఆ మోకాళ్లతో బస్సు మెట్లెక్కింది. ఆమెకు సీటు దొరికింది, నేను చౌటుప్పల్ దాకా నిలబడే ఉన్నాను. నా సంగతి వదిలేయండి, ఎల్బీనగర్‌లో దిగేటప్పుడు ఆమె నా భుజం పట్టుకున్న పట్టు చూస్తే ఎంత నొప్పి ఓర్చుకుందో అర్థమైంది. ఒక్క మాట అనలేదు. అక్కడే రోడ్డు పక్కన నిలబడి మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి ఎత్తాడు. "ఒక చైన్ మార్చడానికి మూడు రోజులా? మాట మీద నిలబడే మనిషివేనా నువ్వు?" అని గట్టిగానే అరిచాను. అమ్మ వింటోందని కూడా చూసుకోలేదు. "రేపు వచ్చి చూడండి సార్" అన్నాడు, అంతే.

ఈ చప్పుళ్ల విషయంలో మా నాయిన వేరే మనిషి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. హ్యాండిల్ వేసి తిప్పి, వేగం అందుకున్నాక పైన లివర్ వదిలితే డుగ్గు డుగ్గుమని మొదలయ్యేది. ఒక రాత్రి ఇంట్లో అన్నం తింటున్నాడు, ఇంజన్ బావి దగ్గర నడుస్తోంది, ముద్ద నోటి దాకా పోయి ఆగిపోయింది. "నీళ్లు తెగినయ్" అని కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు. మాకెవరికీ ఏ తేడా తెలియలేదు. నేను టార్చి పట్టుకుని వెనక ఉరికాను. నిజంగానే బావిలో పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ లీకై పంపు ఉత్తగా తిరుగుతోంది, లోడు లేక ఇంజన్ శబ్దం తేలికైపోయింది. ఇంజన్ ఆపి, పేడనీళ్లు కలిపి పంపులో పోసి, మళ్లీ హ్యాండిల్ తిప్పాడు. కాలువలో నీళ్లు పడ్డాకే ఇంటికి బయల్దేరాం, దారంతా చేను గురించే మాట్లాడాడు, తిండి సంగతి ఎత్తనే లేదు. ఆ ఇంజన్ కొట్టం గోడ మీద ఆయిలు మార్చిన తేదీలన్నీ బొగ్గుతో రాసి ఉండేవి. పాత ఆయిలును బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్ది చూసేవాడు, గరుకు తగిలిందా లేదా అని.

నేనేమో పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిలు పదిహేడు వేల దాకా లాగాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఇవాళ దేవరకొండ రోడ్డులో మెకానిక్ షెడ్డుకు పోయినప్పుడు ఇంకో నాలుగు మాటలు అనాలనే పోయాను. అతను ఏమీ మాట్లాడకుండా పాత చైన్, కొత్త చైన్ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పొడవులో తేడా కొంచెమే. కానీ పక్కకు తిప్పి ఒక కొసన పట్టుకుంటే కొత్తది నిటారుగా నిలబడింది, పాతది తడి తాడులా వాలిపోయింది. ప్రతి పిన్ను దగ్గరా కొంచెం కొంచెం అరిగింది. తర్వాత ఒక గిన్నెలో నల్లటి ప్లాస్టిక్ ముక్కలు చూపించాడు. గైడు విరిగి ఇంజన్ అడుగున ఉండే ఆయిలు చాంబర్‌లో పడ్డాయట, రెండు ముక్కలు ఆయిలు పీల్చే జాలీకి అడ్డం పడి ఉన్నాయట. ముక్కలన్నీ దొరికి, గైడు ఆకారం పూర్తయ్యేదాకా చాంబర్ బిగించలేదు. కొత్త గైడ్లు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి రావడానికి ఒక రోజు. అన్నీ వేశాక పానాతో చేత్తోనే, పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పాడు, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి. చైన్ చక్రం మీది మార్కు ఒక్క పన్ను తేడా వచ్చింది. మళ్లీ మొత్తం విప్పాడు. అలాగే స్టార్ట్ చేసి తేడా ఇంకా పెరిగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, అప్పుడు ఇంజన్ పై భాగమైన హెడ్డే దించాలి.

పైన రాసిన కోపం తీసేద్దామా అని ఇప్పుడే అనుకున్నాను. ఉంచుతాను. ఆ ముక్కలు వెతుక్కోకుండా బిగించి మంగళవారమే ఇచ్చి ఉంటే నేను సంతోషంగా తెచ్చుకునేవాణ్ని, అమ్మను అదే బండిలో తీసుకుపోయేవాణ్ని, హైవే మీద జాలీ మూసుకుపోయి ఆయిలు అందక ఇంజన్ పట్టేసేది. అది నిజం. కానీ ఫోన్ ఎత్తి "గైడు విరిగింది సార్, లేటైతది" అని చెప్పొచ్చు కదా, నేను ఎవరి బండైనా మాట్లాడుకునేవాణ్ని, ఆమెకు ఆ బస్సు మెట్లు తప్పేవి. అదీ నిజమే. "నిన్న తప్పుగా మాట్లాడాను అన్నా" అని మాత్రం చెప్పాను. అతను చేతులు గుడ్డతో తుడుచుకుంటూ "కొత్త ఆయిలు పోసిన సార్, ఈసారి టైముకు మార్చుండ్రి" అన్నాడు.

పాత చైన్ అడిగి తెచ్చుకున్నాను, పేపర్‌లో చుట్టి కిటికీలో పెట్టాను. పొద్దున ఐదింటికి అలారం పెట్టాను. పాలబండి రాకముందే, వీధిలో ఏ చప్పుడూ లేనప్పుడు బానెట్ ఎత్తి పక్కన నేను నిలబడతాను, తాళం మా ఆవిడనే తిప్పమన్నాను.