ఫోల్డర్ తీసేశాను, రిపో సైజు తగ్గలేదు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న గదిలో నలుగురం కూర్చుని పనిచేస్తాం. శెనక్కాయల వ్యాపారులు కాటా లెక్కలు రాసుకునే యాప్ మాది. కొత్తగా చేరిన అమ్మాయి తాడిపత్రిలో ఇంటి నుంచే పనిచేస్తుంది. రిపో అంటే మా కోడ్, దాని పాత మార్పుల హిస్టరీ అంతా ఉండే చోటు. దాన్ని క్లోన్ చేసుకోమంటే, అంటే మొత్తం కాపీ దించుకోమంటే, మూడుసార్లు నెట్ తెగింది. క్లోన్ మధ్యలో తెగితే ఆగిన చోటు నుంచి సాగదు, మళ్లీ మొదటికే. "అన్నా, ఒక జీబీ దాటినా అయిపోలేదు, మన కోడ్ అంతుందా?" అని అడిగింది.

అంత లేదు. వెతికితే నోడ్ మాడ్యూల్స్ (బయటి నుంచి దించుకున్న లైబ్రరీలు), బిల్డ్ (కోడ్ నుంచి తయారయ్యే ఫైళ్లు), అప్‌లోడ్స్ ఫోల్డర్లు కనిపించాయి. అప్‌లోడ్స్‌లో టెస్టింగ్ కోసం పెట్టిన కాటా చీటీల ఫోటోలున్నాయి. ఒకటి పెద్దది చేసి చూశాను: బస్తాల సంఖ్య, తరుగు, కింద నీలం ఇంకుతో రైతు పేరు, ఫోన్ నంబరు. అది చూశాక సైజు సంగతి పక్కకు పోయింది.

మార్పుల లెక్క ఉంచే టూల్ గిట్. అది పట్టించుకోకూడని వాటి జాబితా గిట్‌ఇగ్నోర్ ఫైల్. ముందు అందులో మూడు పేర్లూ రాశాను. ఏమీ మారలేదు. గిట్ అప్పటికే ట్రాక్ చేస్తున్న ఫైళ్లకు అది వర్తించదు. అందుకని గిట్ ఆర్ఎం మైనస్ ఆర్, మైనస్ మైనస్ క్యాష్డ్ కమాండ్ వాడాను, అది ఫైళ్లను గిట్ ట్రాకింగ్‌లోంచి మాత్రమే తీస్తుంది. నా మెషీన్‌లో ఫోల్డర్లు అలాగే ఉన్నాయి, మార్పును కమిట్ చేసి (గిట్‌లో నమోదు చేసి) పుష్ కొట్టాను (సర్వర్‌కు పంపాను). పది నిమిషాలకు పక్క సీట్లోంచి కేక: "ఏమప్పా, నా ఫోటోలన్నీ యాడికి పోయినాయి?"

ఆ కమాండ్ ఫైళ్లను ఉంచేది కొట్టినవాడి దగ్గర మాత్రమే. పుల్ చేసినవాళ్లకు, అంటే సర్వర్ నుంచి మార్పులు దించుకున్నవాళ్లకు, అది మామూలు డిలీట్‌గానే చేరుతుంది. చాలా టెన్షన్ పడ్డాను. పాత కమిట్ నుంచి గిట్ రీస్టోర్‌తో అన్నీ వెనక్కి తెచ్చాం. తేగలిగామంటే అవి హిస్టరీలో భద్రంగా ఉన్నట్టేగా! రిపో సైజు తగ్గకపోవడానికీ కారణం అదే. ఆ ఫోన్ నంబర్లు కూడా అక్కడే ఉన్నాయి.

ఇక హిస్టరీనే తిరగరాయాలి. దానికి పాత ఫిల్టర్ బ్రాంచ్ కమాండ్ వద్దని గిట్ డాక్యుమెంటేషనే చెబుతుంది, ఫిల్టర్ రిపో అనే టూల్ వాడమంటుంది. ఆదివారం పెట్టుకున్నాం. శనివారం రాత్రికల్లా అందరూ తమ పని పుష్ చేయాలి, తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. మిర్రర్ కాపీ (హిస్టరీతో సహా పూర్తి నకలు) ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, తాజా క్లోన్‌లో మూడు ఫోల్డర్ల పాత్‌లు ఇచ్చి, అవి తప్ప మిగతావి ఉంచమనే ఇన్వర్ట్ పాత్స్ చేర్చి నడిపించాను. అసలు పని నిమిషం కూడా పట్టలేదు. ఫిల్టర్ రిపో ఆరిజిన్ రిమోట్‌ను, అంటే సర్వర్ చిరునామాను, తీసేస్తుంది. పొరపాటున పుష్ కాకుండా అలా పెట్టారు, మంచి ఏర్పాటు. రిమోట్ మళ్లీ కలిపి, హిస్టరీ మార్చనివ్వకుండా ఆపే మెయిన్ బ్రాంచ్ ప్రొటెక్షన్ కాసేపు తీసి, ఫోర్స్ పుష్ చేశాను, అంటే పాతదాని మీద కొత్తది బలవంతంగా పెట్టాను.

కమిట్ ఐడీలు మారిపోతాయి కాబట్టి పాత క్లోన్లు పనికిరావు. ఎవరైనా కొత్తదాన్ని పాతదానితో మెర్జ్ చేసి (కలిపి) పుష్ కొడితే చెత్తంతా తిరిగొస్తుంది. అందుకే గదిలోని మిగతా ముగ్గురి దగ్గరికీ వెళ్లి, ఎదురుగా నిలబడి పాత ఫోల్డర్ తీయించి కొత్తగా క్లోన్ చేయించాను. తాడిపత్రి అమ్మాయితో ఫోన్లో. "దిగిపోయిందన్నా, నలభై ఎంబీ కూడా లేదు" అంది.

పెన్‌డ్రైవ్ కాపీని నెలరోజులు బీరువాలో తాళం వేసి ఉంచాను. ఎవరికీ ఏదీ పోలేదని తేలాక తుడిచేశాను.