అన్నం తినకపోతే అమ్మ రాదు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంకలో నీళ్లు వీధుల్లోకి వచ్చేశాయి. పగిలిన మడమలతోనే నాలుగు రోజులు మోకాలి లోతు నీళ్లలో తిరిగాను. నీళ్లు తీసిన పది రోజులకి జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. పిక్కలు ఎవరో పట్టి పిండుతున్నట్టు ఒకటే నొప్పి. దగ్గర్లో ఉన్న డాక్టరు టైఫాయిడ్ అని సెలైన్లు పెట్టాడు తప్ప, "వరద నీళ్లలో తిరిగావా అమ్మా" అని ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. కాకినాడ తీసుకెళ్లేసరికి ఒళ్లంతా పచ్చబడింది, యూరిన్ ఆగిపోయింది. ఎలుక జ్వరం అన్నారు. లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నుంచి పగుళ్ల గుండా ఒంట్లోకి దూరుతుందట. కిడ్నీలు దెబ్బతిన్నాయి, మూడుసార్లు డయాలసిస్ చేశారు. ఆ సంగతులన్నీ వదిలేస్తాను.

ఐసీయూలోకి తోసుకెళ్తుంటే స్ట్రెచర్ పక్కనే నడుస్తూ మా దగ్గరి బంధువొకావిడ, "అంతర్వేది మొక్కు తీర్చలేదు కదే, స్వామికి కోపం వచ్చుంటుంది" అంది. పాపం ప్రేమతోనే అంది. నిజమే, అంతర్వేది నరసింహస్వామికి భీష్మ ఏకాదశి రథోత్సవానికి వస్తానని మొక్కి, స్కూల్లో సెలవు దొరక్క వెళ్లలేదు. తలుపు మూసుకుంది. లోపలికి నాతో వచ్చింది ఆ ఒక్క మాటే.

జ్వరం మత్తులో మెడ దగ్గర గొట్టం లాగేశానట. అందుకని రెండు చేతులూ మంచం ఊచలకి బ్యాండేజీ గుడ్డతో కట్టేశారు. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. దణ్ణం పెట్టుకుందామంటే చేతులు కలవలేదు. ఎంత లాగినా రెండు అరచేతుల మధ్య నా ఒళ్లంత దూరం. స్వామీ తప్పయిపోయింది, ఈసారి వస్తాను, తలనీలాలిస్తాను అని ఏడ్చాను. తర్వాత తిట్టాను. ఆ తర్వాత ఏడుపూ రాలేదు, పిలవాలనీ అనిపించలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాను. నిజంగా భయపడాల్సింది అక్కడే అని ఇప్పుడు తెలుస్తోంది.

ఎప్పుడో ఒక ఆయమ్మ వచ్చింది. తడి దూదితో పెదాలు తుడిచి, కుడిచేతి కట్టు విప్పి, ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "పడుకోమ్మా, నేనెక్కడికీ పోను" అంది. ఆవిడ తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుస్తూనే ఉంది. పేరు అడగలేదు.

నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ కువైట్ వెళ్లింది. మా వైపు ఇది కొత్త కాదు, వీధికి ఇద్దరు ముగ్గురు అమ్మలు అక్కడే ఉండేవాళ్లు. అమ్మమ్మ ముద్దలు కలిపి పెడుతూ "అన్నం తినకపోతే అమ్మ రాదు" అనేది. నేను తినేదాన్ని. అమ్మ వచ్చేది కాదు. రెండేళ్లకి సెలవు మీద వస్తే, నేను అమ్మమ్మ చీర వెనక దాక్కుని తొంగి కూడా చూడలేదట.

తల్లీబిడ్డల బంధం మీద పనిచేసిన బ్రిటిష్ సైకియాట్రిస్టు జాన్ బౌల్బీ గురించి బీఎడ్‌లో పరీక్ష కోసం చదివి మర్చిపోయాను. జబ్బు తగ్గాక, మంచం మీద ఉన్న ఆ రెండు నెలల్లో, మళ్లీ చదివాను. ఆయన్ని పెంచిన ఆయా ఆయనకి నాలుగేళ్లు నిండకముందే వెళ్లిపోయిందట. అది చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. అప్పట్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తల్లుల్ని లోపలికి సరిగా రానిచ్చేవారు కాదు. ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ వార్డుల్లో పిల్లల్ని గమనించాడు. ముందు ఏడ్చి గోల చేస్తారు, తర్వాత దిగులుపడిపోతారు, చివరికి అమ్మ వచ్చినా మొహం తిప్పేసుకుంటారు. నా రాత్రంతా ఆ వరసలోనే నడిచింది. కాకపోతే నేను మొహం తిప్పుకున్నది స్వామి నుంచి.

1990లో కిర్క్‌పాట్రిక్, షేవర్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఈ తల్లీబిడ్డల బంధాన్ని దేవుడి దాకా తీసుకెళ్లారు. తర్వాత స్వీడన్‌లో గ్రాన్‌క్విస్ట్ అనే సైకాలజిస్టు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. భయమేస్తే పరిగెత్తుకెళ్లి చేరే ఒడి, ఆ ధైర్యంతో మళ్లీ బయటికి అడుగేసే చోటు, పసిబిడ్డకి అమ్మలో దొరికే ఈ రెండూ భక్తుడు దేవుడిలో వెతుక్కుంటాడని వాళ్లు చెప్పారు. కొందరు అమ్మ దగ్గర దొరకనిది దేవుడి దగ్గర తెచ్చుకుంటారు, కొందరికి అమ్మతో ఉన్న పద్ధతే దేవుడితోనూ వస్తుంది. నాకు రెండూ జరిగాయనుకుంటాను. అమ్మ లేదు కాబట్టి స్వామిని పట్టుకున్నాను. కానీ పట్టుకున్నది భయంతోనే. అన్నం తినకపోతే అమ్మ రాదు, మొక్కు తీర్చకపోతే స్వామి రాడు.

దేవుణ్ణి మనమే పట్టుకోవాలా, ఆయనే మనల్ని పట్టుకుంటాడా అనేది మన వైష్ణవుల్లో ఏనాటి నుంచో ఉన్న వాదమే. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. శ్రీవైష్ణవుల్లోని రెండు శాఖల్లో వడకలై వారిది మొదటిది, మర్కట కిశోర న్యాయం; తెంకలై వారిది రెండోది, మార్జాల కిశోర న్యాయం. ముప్పై ఏళ్లు నేను కోతిపిల్లనే. చేతులు కట్టేసిన రాత్రి పట్టుకోవడానికి నాకేమీ లేదు. అయినా తెల్లారింది. ఆ స్టూలు మీద కూర్చున్నది ఎవరో నా మనసుకి తెలుసు, మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు.

వార్డుకి మార్చాక అమ్మ వచ్చి చిక్కుపడిన నా జుట్టు దువ్వుతుంటే అడిగేశాను, "నన్నొదిలి ఎందుకెళ్లావమ్మా?" దువ్వెన ఆగింది. "తాకట్టులో ఉన్న ఎకరం విడిపించాలి కదే" అంది. కాసేపాగి, "విమానం ఎక్కేదాకా నీ గౌను నా సంచిలోనే ఉంది, ఎక్కాక కూడా" అంది. నాకు కోపం పోలేదు. కానీ ఆవిడ చెయ్యి తోసెయ్యలేదు.

లంకల్లో ఉండేవాళ్లకి ఒక మాట. వరద తీశాక జ్వరంతో పాటు పిక్కల నొప్పి, ఎర్ర కళ్లు ఉంటే, డాక్టరు అడక్కపోయినా నీళ్లలో తిరిగామని మీరే చెప్పండి. తొందరగా మొదలుపెడితే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుందని కాకినాడ డాక్టరుగారు చెప్పారు. ఆయనకి నేను రుణపడి ఉంటాను.

అంతర్వేది వెళ్లొచ్చాం. ఏమీ మొక్కలేదు. మొన్న రాత్రి మా పాప అన్నం దగ్గర మారాం చేస్తుంటే అమ్మ, "తినకపోతే నరసింహస్వామి..." అని మొదలుపెట్టింది. "అలా అనకమ్మా" అన్నాను. అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. పప్పులో ఇంకాస్త నెయ్యి వేసి, ముద్ద చిన్నది చేసి, పాప నోరు తెరిచేదాకా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది.