రైల్వే ఎన్‌టీపీసీ పరీక్ష కొట్టాను, ఇక భిన్నాల లెక్కల సంగతి

రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఎలా చదివావని ఒకటే మెసేజ్‌లు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ప్యాటర్న్ మీకు తెలిసిందే. మొదటి దశలో లెక్కల ప్రశ్నలు 30, రెండో దశలో 35, తప్పు పెడితే మార్కులో మూడో వంతు కోత. జీఎస్, రీజనింగ్ అందరూ చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పేదేమీ లేదు.

క్రితంసారి నన్ను ముంచింది భిన్నాల వర్డ్ ప్రాబ్లమ్స్. రాకపోవడం కాదు, టైమ్ తినేసేవి. కోచింగ్‌లో నేర్పినట్టు ప్రతిదానికీ ఎక్స్ అనుకోవడం, బ్రాకెట్లు పెట్టడం, విప్పడం. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు అది సాగే పని కాదు.

మాది కోనసీమలో అంబాజీపేట పక్కన. ఓ రోజు కొబ్బరి దింపు అయ్యాక కాయల రాశి దగ్గర కూర్చుని ఈ లెక్క పైకి చదువుతున్నాను: రాశిలో మూడో వంతు ఒకడు కొన్నాడు, మిగిలినదానిలో 2/5 వంతు ఇంకొకడు కొన్నాడు, 480 కాయలు మిగిలాయి, మొత్తం ఎన్ని? నేను పెన్ను తీసేలోపే నాన్న అందుకున్నారు.

"పదిహేను వాటాలనుకోరా. మూడో వంతంటే అయిదు పోయాయి, పదున్నాయి. అందులో అయిదింట రెండొంతులంటే నాలుగు. ఇంక ఆరు వాటాలు 480. వాటాకి ఎనభై. పన్నెండొందల కాయలు."

కౌలు వాటాలు తేల్చీ తేల్చీ అలవాటైన మనిషి, ఎక్స్ ఊసే లేదు. తర్వాత పుస్తకంలో చూస్తే నాన్న చేసింది హారాల క.సా.గు. (ఎల్‌సీఎం) తీసుకోవడమే. 3, 5 ఉంటే 15. 4, 6 ఉంటే 12. ఆ మొత్తం నుంచి వాటాలు తీసేస్తూ పోవడమే.

ఇక్కడో గొయ్యి ఉంది. 2/5 వంతును మిగిలినదానిలో కాకుండా మొత్తంలో తీస్తే చివరికి 4/15 వంతు మిగిలి, జవాబు 1800 వస్తుంది. ఆ 1800 కూడా ఆప్షన్లలో ఉంటుంది, పైగా చక్కటి పూర్ణ సంఖ్య కాబట్టి అనుమానం రాదు. అందుకే ప్రతి భిన్నం ముందు 'దేనిలో?' అని అడిగి, దాని కింద గీత గీసుకునేవాణ్ని.

"సగం, ఇంకో పది కాయలు అమ్మాడు" అని వస్తే చివరి నుంచి వెనక్కి రండి. ముందు పది కలపాలి, తర్వాత రెట్టింపు చేయాలి.

ఊళ్లో కూర్చుని చదివితే ఉద్యోగం రాదు, హైదరాబాద్ పొమ్మన్నవాళ్లు చాలామంది. దగ్గర దగ్గర వెయ్యేళ్ల కిందట లెక్కలకు తెలుగు పద్యాలు కట్టిన పావులూరి మల్లన ఏ హాస్టల్లో ఉన్నాడట? నేను కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (మా వైపు జాతర) కూడా వెళ్లాను, దానికీ మాటలు పడ్డాను. పండక్కి వెళ్లినవాడి ఉద్యోగం పోదు. రోజూ రాత్రి ఫోన్ పట్టుకుని రీల్స్ చూసేవాడికి మాత్రం కష్టమే.

ఎక్స్ అసలు వద్దని కాదు. లవానికి 1 కలిపితే 1/2, హారానికి 1 కలిపితే 1/3 అయ్యే భిన్నం అడిగితే వాటాలు పనిచేయవు. అక్కడ కూడా నేను సమీకరణం రాయను, ఆప్షన్లే వేసి చూస్తాను. 3/8 వేస్తే 4/8, 3/9, అయిపోయింది.

జామెట్రీ మాత్రం నన్ను అడగకండి. అది పూర్తిగా వదిలేసే పాసయ్యాను.