రాగి ఉంది కదా, దేశమైతే బతకలేరా?

వారం రోజుల నుంచి బోగన్‌విల్ గురించే చదువుతున్నా. ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న పపువా న్యూ గినీ దేశంలో ఒక దీవి, మ్యాప్‌లో చూస్తే మాత్రం సాలమన్ దీవుల్ని ఆనుకుని ఉంటుంది, జనం సుమారు 3 లక్షలు. 2019 చివర్లో అక్కడ రెఫరెండం పెడితే స్వతంత్రం కావాలన్నోళ్ళు 1,76,928 మంది, ఆ దేశంలోనే ఉంటూ అటానమీ (స్వయంపాలన) పెంచితే చాలు అన్నోళ్ళు 3,043 మంది. అంత తేడా వచ్చినా అది ఫైనల్ కాదు, పపువా న్యూ గినీ పార్లమెంటు ఒప్పుకోవాలి.

ఎవరు రాసినా ఒకటే ప్రశ్న, విడిపోతే ఏం తిని బతుకుతారు అని. నాకు ఈ ప్రశ్న వింటే కోపం వస్తది, మేం కూడా విన్నాం కాబట్టి. రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు నీళ్ళు, నిధులు, నియామకాలు అంటుంటే మీకు మీరు నడుపుకోగలరా అని అడిగినోళ్ళు ఎంతమందో. రాష్ట్రం వేరు, దేశం వేరు, అది తెలుసు. కానీ ప్రశ్న అదే.

అసలు బోగన్‌విల్ తిండి వేరేవాళ్ళు తిన్నారు. పాంగునా రాగి గని 1972 నుంచి 1989 దాకా నడిచింది, పపువా న్యూ గినీ ఎగుమతుల్లో దాదాపు 45 శాతం ఆ ఒక్క గుంత నుంచే. గని కంపెనీలో సగానికి పైగా వాటా విదేశీ గనుల సంస్థ రియో టింటో గ్రూపుది, ఐదో వంతు దాకా పపువా న్యూ గినీ ప్రభుత్వానిది, భూమి పోయినోళ్ళకి దక్కింది చాలా కొంచెం. వంద కోట్ల టన్నులకు పైగా వ్యర్థం కవెరాంగ్, జాబా నదుల్లోకి వదిలేశారు. అక్కడ చాలా చోట్ల భూమి తల్లి వైపు నుంచి వస్తుంది, అందుకే 1969లో రొరొవానా అనే ఊళ్ళో గని పనుల కోసం భూమి తీసుకోవడానికి వస్తే ముందు నిలబడింది ఆడవాళ్ళే, పోలీసులు వాళ్ళ మీద టియర్ గ్యాస్ వదిలారు. 1988లో గని మీద తిరగబడ్డ స్థానిక నాయకుడు ఫ్రాన్సిస్ ఓనా మనుషులు గని కరెంటు టవర్లు పేల్చేశారు, మరుసటి ఏడు గని ఆగింది, తర్వాత దాదాపు పదేళ్ళ యుద్ధం, పదివేల నుంచి ఇరవై వేల ప్రాణాలు పోయాయంటారు. దీవికి సరుకులేవీ రాకుండా పపువా న్యూ గినీ ప్రభుత్వం దిగ్బంధం చేస్తే డీజిల్ లేక కొబ్బరినూనెతో బండ్లు నడుపుకున్నారు. అలాంటోళ్ళని బతకగలరా అని అడగడం ఏంటి.

కానీ రాగిని నమ్ముకుని లెక్కలు వేసుకుంటే మాత్రం నాకు భయమే. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ ఖర్చులో ఎక్కువ భాగం పపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచే రావాలి, బోగన్‌విల్ అధ్యక్షుడు ఇష్మాయెల్ టొరొయామా 2027 సెప్టెంబర్ 1 నాటికి స్వతంత్రం అంటున్నారు, గని మళ్ళీ తెరవాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి, ఏళ్ళు పడుతుంది. అంటే మొదట్లో బతికించేది కోకో, కొబ్బరి, వాగుల్లో బంగారం జల్లించుకునే చేతులే.

సౌత్ సూడాన్‌ని చూపిస్తారు చాలామంది. 2011లో చమురుతో సహా విడిపోయింది, కానీ పైప్‌లైన్ సూడాన్ మీదుగానే పోవాలి, ఫీజు గొడవతో 2012లో ఉత్పత్తే ఆపుకోవాల్సి వచ్చింది. బోగన్‌విల్‌కి ఆ బాధ లేదు, చుట్టూ సముద్రం, రాగి వెళ్ళింది సొంత తీరం నుంచే. తూర్పు తిమోర్ అయితే 2002లో స్వతంత్రం వచ్చాక 2005లోనే చమురు డబ్బుకి ఫండ్ పెట్టుకుని దాచుకుంది, అది చూసి నేర్చుకోవచ్చు.

మా వైపు బొగ్గు బాయిలు ఉన్న ఊళ్ళలో పెరిగా, ఓపెన్ కాస్ట్ వచ్చాక ఊరే లేకుండా పోయిన చుట్టాలు ఉన్నారు. జెండా మారినా గుంత పక్కన ఉన్నోడి ఇంటికి దుమ్ము అట్లనే వస్తది. అందుకే నాకు రెఫరెండం కంటే బోగన్‌విల్ 2015లో చేసుకున్న గనుల చట్టం మీద ఆశ ఎక్కువ, అందులో భూమి ఉన్నోళ్ళు వద్దంటే కొత్తగా అన్వేషణ లైసెన్స్ ఇవ్వడానికి లేదు. ఖజానా ఖాళీగా ఉన్న కొత్త దేశం ఆ మాట మీద నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న, ఎందుకంటే జాబా నది ఒడ్డున ఉన్న తల్లులకి రేపు కూడా వద్దు అనే హక్కు ఉండాలి.